నీటి రిపోర్టు బాగుంది, రొయ్యపిల్ల ఎందుకు చస్తోంది?

ప్రశ్న: మా వెనామీ రొయ్యల గుంటల పక్కనే వరి మాగాణి. ఆ మురుగు కాలువ కలిసే క్రీక్ (ఉప్పునీటి పాయ) నుంచే నీళ్లు తోడుతాం. ఎడగారు పైరుకు మందు కొట్టే రోజుల్లో వదిలిన పిల్ల అడుగునపడి చస్తోంది. నీళ్లు పరీక్ష చేయిస్తే పురుగుమందు లేదన్నారు. లోపం ఎక్కడ?
– ఒక రైతు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

జవాబు: రిపోర్టు నిజమే కావచ్చు. ముందు బురదను అనుమానించండి.

సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు లీటరు నీటిలో మిల్లీగ్రాములో వందోవంతు కూడా కరగవు. కాలువలో పడగానే సన్న ఒండ్రునూ కుళ్లిన ఆకునూ పట్టుకుంటాయి. ఉప్పునీరు తగిలేచోట ఆ ఒండ్రు ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. మీ ఫుట్‌వాల్వ్ (పంపు గొట్టం నీళ్లు లాగే కొస) అక్కడే ఉంటే మందును బురదతో సహా గుంటలోకి తోడుతున్నట్టే. ఇమిడాక్లోప్రిడ్ అనే ఇంకో పురుగుమందు తీరు వేరు. లీటరుకు 600 మి.గ్రా. దాకా కరిగి నీళ్లతోపాటే సాగిపోతుంది. తేటనీటిలో ఎండకు తొందరగా విరుగుతుంది, కలకనీటిలో వెలుతురు దిగక నిలుస్తుంది.

నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టారా? పైరిత్రాయిడ్లు సీసా గోడకే అంటుకుపోతాయి, లాబ్‌కు చేరేది తక్కువ. గాజు సీసా నిండా పట్టి ఐస్‌లో పంపండి. బురదైతే అయిదారు చోట్ల పైపై 2 సెం.మీ. మాత్రమే తీసి, కలిపి, గాజు సీసాలో పావుకిలో పంపండి. యాంటీబయాటిక్‌ల కోసం చేసే ఎలీసా పరీక్ష ఇక్కడ పనికిరాదు. పైరిత్రాయిడ్లకు జీసీ-ఎంఎస్, ఇమిడాక్లోప్రిడ్‌కు ఎల్‌సీ-ఎంఎస్ అనే పరీక్షలు అడగండి.

ఈలోగా ఇంటి దగ్గరే ఒకటి చేయొచ్చు. రెండు గాజు తొట్లు తీసుకుని ఒకదాంట్లో ఆ బురద, ఇంకోదాంట్లో కడిగిన ఇసుక రెండంగుళాల మేర పరవండి. రెంటికీ ఒకే నీళ్లు మెల్లగా పోసి, గాలి పెట్టి, మర్నాడు 20 పిల్లల చొప్పున వదిలి నాలుగు రోజులు చూడండి. బురద తొట్టిలోనే చస్తే కారణం అడుగునే ఉంది. అయితే కుళ్లుగుడ్డు వాసన వేసే నల్లమట్టి మందు లేకుండానే చంపుతుంది, అమ్మోనియా కూడా అంతే. ఆ రెండూ చూడకుండా మందు మీదికి నెట్టొద్దు.

ఇక నీళ్లు తోడడం. మందు కొట్టిన వారం, తర్వాత పడే మొదటి వాన నాడు పంపు ఆపండి. ఫుట్‌వాల్వ్‌ను తెప్పకు కట్టి పైనీళ్లే లాగండి. రిజర్వాయర్ గుంటలో కలక దిగాకే వాడుకోండి. ఫిల్టర్ సంచి పీతపిల్లల్ని ఆపుతుందేగానీ సన్న ఒండ్రును ఆపదు. పంట తీశాక నల్లమట్టి ఎత్తి దూరంగా పోయండి. గట్టు మీద పోస్తే వానకు మళ్లీ గుంటలోకే వస్తుంది. మిగిలిన నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి దున్నండి. గాలి తగిలితే పైరిత్రాయిడ్లు చాలావరకు తొందరగా విరుగుతాయి.

ప్రశ్న: పీతలు చావడానికి ఎకరం గుంటలో సైపర్‌మెత్రిన్ 100 మి.లీ. వేసి, నీళ్లు మార్చి పిల్ల వదలొచ్చా?
– కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దు. ఎకరంలో నాలుగడుగుల నీరంటే దాదాపు 49 లక్షల లీటర్లు. 10 శాతం మందు 100 మి.లీ.లో అసలు విషం సుమారు 10 గ్రాములు, అంటే 2 పీపీబీ (వందకోట్ల పాళ్లలో రెండు పాళ్లు). కొన్ని రొయ్య జాతులు పీపీబీలో పదోవంతుకే చస్తాయి. నీళ్లు మార్చినా అడుక్కి దిగింది అక్కడే ఉంటుంది. పీతలకు గట్టు చుట్టూ వల కట్టండి. నీటికి బ్లీచింగ్ చాలు, క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకునే పిల్ల వదలండి.