ఇంటి వర్క్‌షాప్‌లో పనిముట్ల జాబితా: యాప్ వెతికేముందు సొరుగుకి నంబరు వేయండి

మీ ప్రశ్న ఇది: ఇంట్లో దాదాపు 200 పనిముట్లున్నాయి, మూడు పెట్టెల్లోనూ గోడ బోర్డు మీదా సర్దారు, అయినా ఉన్నవే మళ్లీ కొంటున్నారు, జాబితా పెట్టుకోవడానికి ఏ యాప్ మంచిది అని. యాప్ మాట ఆఖర్న చెబుతాను. ఉన్న వస్తువుని రెండోసారి కొనేది అది ఉందన్న సంగతి మరిచిపోయినందుకు కాదు. పని మధ్యలో అది ఎక్కడుందో దొరక్క కొంటాం. అందుకే వస్తువుల పేర్లతో మొదలుపెట్టిన జాబితా ఏదీ నిలబడదు. చోట్లతో మొదలుపెట్టండి.

గోడ బోర్డుకి ‘గ’, సొరుగులకి ‘స’, మోసుకెళ్లే పెట్టెలకి ‘ప’, అరలకి ‘అ’ పెట్టుకుని పక్కన అంకె వేయండి. అంకెలు 1, 2, 3 కాకుండా 10, 20, 30 అని ఇవ్వండి. రేపు రెండు సొరుగుల మధ్య ఇంకో డబ్బా చేరితే దానికి 15 అని పెట్టుకోవచ్చు, మిగతా జాబితా తిరగరాయక్కర్లేదు. నంబరు పెట్టె ఒంటి మీద రాయాలి, మూత మీద రాయకూడదు. ఒకే రకం డబ్బాలు నాలుగుంటే మూతలు తారుమారు కావడం ఖాయం, అప్పుడు జాబితా మొత్తం అబద్ధమైపోతుంది. మాస్కింగ్ టేపు మీద పెన్నుతో రాసి వదిలేస్తే నూనె చేతులు తగిలి అక్షరాలు చెరుగుతాయి, జిగురు ఎండి టేపు ఊడుతుంది. రాశాక పైన వెడల్పాటి పారదర్శక టేపు అతికించండి, అంచులు చుట్టూ కనీసం 10 మి.మీ. దాటేలా.

తర్వాత ఒక్క సొరుగు మాత్రమే కుమ్మరించండి. అన్నీ ఒకేసారి నేల మీద పోస్తే సాయంత్రానికి ఓపిక అయిపోయి మళ్లీ దొరికిన చోట తోసేస్తారు. ఒక సొరుగు తీయడం, తుడవడం, రాయడం, తిరిగి పెట్టి పైనుంచి ఒక ఫోటో తీయడం. అది పూర్తయ్యాకే రెండోది.

షీట్‌లో ఆరు గడులు చాలు: చోటు, పేరు, సైజు, ఎన్ని, లోపం, చివరగా చూసిన తేదీ. రంగు, కొన్న ధర, బ్రాండు వగైరా గడులు పెంచేకొద్దీ నింపడం మానేస్తారు. పేరు రాసేటప్పుడు వస్తువు ముందు, రకం తర్వాత: ‘స్పానర్, రింగు’, ‘స్పానర్, డబుల్ ఎండ్’, ‘సుత్తి, రబ్బరు’. ఇలా రాస్తే అక్షర క్రమంలో పెట్టినప్పుడు ఒక జాతివన్నీ ఒకచోటికొస్తాయి. ఒకే వస్తువుని ఒకరు పానా అంటారు, ఒకరు స్పానర్, ఇంకొకరు రెంచి. ఇంట్లో ఎవరెలా పిలిచినా సరే, జాబితాలో మాత్రం ఒక్క పేరే ఉండాలి. ఖాళీ సంగతి కూడా తేల్చుకోండి. ‘స్క్రూడ్రైవర్’ అని కలిపి రాసినది ‘స్క్రూ డ్రైవర్’ అని విడదీసి వెతికితే దొరకదు. జాబితాలో లేదు కాబట్టి ఇంట్లోనూ లేదనుకుని ఇంకోటి కొంటారు.

ఎక్సెల్ లాంటి షీట్ వాడేవాళ్లని ముంచే ఇంకో విషయం సైజు గడి. మీరు 1/2 అని కొడితే అది తేదీగా మారిపోతుంది. 3/8 కూడా అంతే. 10-11 స్పానర్ అని సైజు రాసినా తేదీయే. తర్వాత ఎప్పుడో చూసి గడి ఫార్మాట్ మారిస్తే పాత సైజు తిరిగి రాదు, ఏదో ఐదంకెల సంఖ్య కనిపిస్తుంది. పనిముట్ల సైజుల్లో భిన్నాలు చాలానే ఉన్నప్పుడు ఇది చిన్న చికాకు కాదు. మొదటి అక్షరం కొట్టకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి, లేదా సైజుకి ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టండి.

సెట్లని ముక్కముక్కగా రాయొద్దు. 24 సాకెట్ల (బోల్టు తల మీద తొడిగి తిప్పే గొట్టాల) పెట్టె జాబితాలో ఒకే వరుస, లోపం గడిలో ‘13 లేదు’. ఆ గడి కోసమే జాబితా అంతా అనుకోండి. సాకెట్లలో ముందు మాయమయ్యేవి 10, 13. కారణం తేలిక: ఎం6 (అంటే 6 మి.మీ. మందం) బోల్టు తలకి 10 మి.మీ., ఎం8కి 13 మి.మీ. పడుతుంది, ఇంట్లో విప్పే బోల్టుల్లో ఈ రెండే ఎక్కువ. 13 కనబడనప్పుడు పక్కనున్న అరంగుళం సాకెట్ పెట్టి చూస్తారు. అది 12.7 మి.మీ., సరైన కొలతలో ఉన్న తలకి ఎక్కదు. కొంచెం అరిగిన తలకి సుత్తి దెబ్బతో ఎక్కుతుంది, తర్వాత ఊడి రాదు. తిరగేసి, అరంగుళం వెడల్పు తలున్న బోల్టుకి 13 సాకెట్ పెడితే 0.3 మి.మీ. సందులో మూలలు నలిగి తల గుండ్రమవుతుంది. 19 మి.మీ., ముప్పావు అంగుళం (19.05) మాత్రం ఒకదాని బదులు ఒకటి పనిచేస్తాయి. కాబట్టి అంగుళాలవి, మిల్లీమీటర్లవి వేర్వేరు చోట్లలో ఉంచి వేర్వేరు వరుసల్లో రాయండి. సాకెట్ వరుసలో డ్రైవ్ సైజు, అంటే పిడి దూరే చదరపు రంధ్రం కొలత కూడా అంగుళాల్లో ఉండాలి: పావు, 3/8, అర. డ్రైవ్ రాయని సాకెట్ వరుస ఎందుకూ కొరగాదు.

అసలు పని డ్రిల్ బిట్ల పెట్టె దగ్గరుంది. 1 నుంచి 10 మి.మీ. దాకా అరమిల్లీమీటరు చొప్పున 19 గుంతలుండే పెట్టె తీసుకోండి. చాలామంది ‘బిట్ల సెట్, 1’ అని రాసి ముందుకెళ్లిపోతారు. మూత తెరిచి చూస్తే 3 మి.మీ. గుంతలో 3.2 బిట్టుంటుంది, 2.5 సగం విరిగి ఉంటుంది, 6 స్థానంలో గోడకి వాడే బిట్టు దూరి ఉంటుంది. ప్రతి బిట్టునీ బయటికి తీసి కొలవాలి. కాడ మీద చెక్కిన అంకెని నమ్మొద్దు. చక్‌లో (డ్రిల్‌కి బిట్టు పట్టే దవడల్లో) బిట్టు జారి తిరిగినప్పుడల్లా ఆ అంకె అరుగుతుంది, 8ని 6గా చదువుతారు. కాడని కొలిచినా లాభం లేదు, పెద్ద బిట్లలో కాడ సన్నగా తిప్పినవి ఉంటాయి. వెర్నియర్‌తో (జారే దవడల కొలబద్దతో) మొన దగ్గర, ఎదురెదురుగా ఉన్న రెండు అంచుల మీదుగా కొలవండి. గోడ బిట్టైతే మొనలో అతికించిన కార్బైడ్ ముక్క వెడల్పు కొలవాలి. అది అరిగితే 6 మి.మీ. బిట్టు పెట్టే రంధ్రం 6 కన్నా చిన్నదవుతుంది, ప్లాస్టిక్ ప్లగ్గు సగం దూరి వంగిపోతుంది. ఆ బిట్టుని ‘6’ అని జాబితాలో ఉంచడం తప్పు, పారేయాలి. ఇనుముకి వాడే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు ఒక వరుస, గోడవి ఒక వరుస, చెక్కవి ఒక వరుస. రోటరీ హ్యామర్‌కి పట్టే గాడి కాడ బిట్లు, అంటే ఎస్‌డీఎస్ ప్లస్, మామూలు చక్‌లో పట్టవు కాబట్టి వాటికి ఇంకో వరుస.

అలా కొలిచాక ఆ 19ని మీ దగ్గరున్న ట్యాపులతో (రంధ్రం లోపల మరలు కోసే పనిముట్లతో) పోల్చి చూడండి. జాబితా లాభం ఇక్కడ కళ్లకి కడుతుంది. మామూలు పిచ్ (చుట్ల మధ్య దూరం) ఉన్న మరలకి కావలసిన రంధ్రాలివి: ఎం3కి 2.5, ఎం4కి 3.3, ఎం5కి 4.2, ఎం6కి 5.0, ఎం8కి 6.8, ఎం10కి 8.5 మి.మీ. ఆరింటిలో మూడు, అంటే 3.3, 4.2, 6.8, అరమిల్లీమీటరు సెట్‌లో ఉండనే ఉండవు. ఎం5కి 4.0తో రంధ్రం పెడితే ట్యాపు బిగుసుకుని విరుగుతుంది. విరిగిన ట్యాపు గట్టి ఉక్కు, దాన్ని మామూలు బిట్టుతో తొలవలేం. 4.5తో పెడితే మర లోతు సగానికి పడిపోయి, బిగించేటప్పుడు చుట్లు ఊడి వస్తాయి. రేకులు కలిపి బిగించే పాప్ రివెట్లదీ ఇదే కథ. 3.2 రివెట్‌కి 3.3 రంధ్రం కావాలి, 3.5 వదులు. ట్యాపులున్న ప్రతి ఇంట్లోనూ 3.3, 4.2, 6.8 విడిగా రెండేసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. అవి సెట్ పెట్టెలో కాకుండా ట్యాపుల డబ్బాలోనే, దేని బిట్టు దాని పక్కనే ఉండాలి. జాబితాలో కూడా ‘ట్యాపు ఎం5 + బిట్టు 4.2’ అని ఒకే వరుస రాయండి. 3 మి.మీ. లోపు బిట్లు విరిగేవే కాబట్టి వాటికి మాత్రం ‘ఎన్ని’ గడి నిజంగా లెక్కపెట్టి నింపండి.

స్క్రూడ్రైవర్లలో ‘స్టార్’ అని రాయడం మానేయండి. పీహెచ్2 (ఫిలిప్స్), పీజెడ్2 (పోజిడ్రైవ్) చూడ్డానికి ఒకటే ప్లస్ గుర్తు. పీజెడ్ స్క్రూ తల మీద ప్లస్ చేతుల మధ్య నాలుగు సన్న గీతలు అదనంగా కనిపిస్తాయి. ఒకదానికి ఇంకోటి పెడితే జారి తల పాడవుతుంది. ఆరు కోణాల నక్షత్రం గుర్తువి టోర్క్స్, వాటికి టీ20, టీ25 అని అంకె రాయాలి.

కరెంటుతో నడిచే యంత్రాలకి ఒక్కోదానికి ఒక్కో వరుస. మోడల్, సీరియల్ నంబరు ఉండే ప్లేటు ఫోటో ఇవాళే తీయండి, చేతి రాపిడికి ఆ అచ్చు చెరుగుతుంది. బిల్లు కూడా ఫోటో తీయండి. వేడితో అచ్చయ్యే బిల్లు కాగితం వారంటీ పూర్తికాకముందే తెల్లబడుతుంది. బ్రష్ మోటరున్న గ్రైండర్, డ్రిల్ అయితే కార్బన్ బ్రష్ (మోటరు తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్క) ఒకటి బయటికి తీసి పక్కన చెక్కిన నంబరు, వెడల్పు, మందం రాసుకోండి. మెషిన్ ఆగిపోయిన రోజు అరిగిన ముక్క పట్టుకుని తిరిగే అవస్థ తప్పుతుంది. అరుగుదల గీత దాకా వస్తే రెండూ కలిపే మార్చాలి. బ్యాటరీ యంత్రాలకి వోల్టులు రాసి వదిలేయకండి. 18 వోల్టులు, 20 వోల్ట్ మాక్స్ అని అమ్మేవి రెండూ లోపల ఐదేసి సెల్స్ వరుసే, ఒకటి నామమాత్రపు వోల్టేజీ, ఇంకోటి నిండా ఛార్జ్ చేసినప్పటిది. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మెషిన్‌కి సాధారణంగా ఎక్కదు కాబట్టి ఏ బ్యాటరీ దేనికి ఎక్కుతుందో రాయాలి, బ్యాటరీ మీద కొన్న నెల, సంవత్సరం రాయాలి. నెలల తరబడి వాడనివాటిని సగం ఛార్జితో పెట్టండి.

గ్రైండర్ కటింగ్ డిస్కుల మధ్యలో లోహపు రింగు మీద నెల, సంవత్సరం ఉంటుంది. అది గడువు. రెసిన్‌తో అతికిన డిస్కు తేమకి బలహీనపడుతుంది, గడువు దాటినది తిరిగేటప్పుడు పగిలి ముఖం మీదికొస్తుంది. జాబితాలో ఆ తేదీకి చోటివ్వండి, దాటినవి విరిచి పారేయండి. సైజుతోపాటు మధ్య రంధ్రం కూడా రాయాలి: 100 మి.మీ. డిస్కుకి సాధారణంగా 16, 125కి 22.23.

స్క్రూలు, మేకులు లెక్కపెట్టొద్దు. డబ్బా లోపల ఒక గీత గీసి, ఆ గీత కిందికి దిగితే కొనాలని పెట్టుకోండి. లెక్కే కావాలంటే 10 స్క్రూలు తూచి మొత్తం బరువుని దాంతో భాగించి, వచ్చినదాన్ని పదితో హెచ్చించండి.

పనిముట్ల మీద గుర్తు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. 1000 వోల్టుల గుర్తున్న ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు, ప్లయర్ల పిడి మీద చెక్కడం, వేలాడదీయడానికి బెజ్జం పెట్టడం చేయకండి. పైపొర తెగితే ఆ రక్షణ పోయినట్టే. వాటికి రంగు టేపు చాలు. అటువంటివి పగుళ్లున్నాయో లేదో చూసి లోపం గడి నింపండి.

కొలిచే సాధనాలకి ‘చివరగా చూసిన తేదీ’ నిజంగా పరీక్షించిన తేదీ కావాలి. వెర్నియర్‌ని కొత్త 608 బేరింగ్ మీద పెట్టి చూడండి: బయట 22, లోపల 8, మందం 7 మి.మీ. మూడు కొలతలూ ఒక్క వస్తువులోనే ఉన్నాయి. లెవల్‌ని ఒకచోట చూసి, అదే చోట అటుదిటు తిప్పి పెట్టండి, బుడగ అదే గీతల మధ్య ఆగకపోతే లెవల్ తప్పు. క్లిక్ టార్క్ రెంచిని (పెట్టిన బిగువు రాగానే టిక్కుమనే రెంచిని) పని కాగానే స్కేలు మీద అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టాలి. లోపలి స్ప్రింగు నెలల తరబడి నొక్కుకుని ఉంటే సెట్టింగు తప్పుతుంది. దాన్ని 12 నెలలకి లేదా 5000 క్లిక్కులకి కాలిబ్రేషన్ (కొలత సరిచూసి దిద్దడం) చేయించాలి, ఆ గడువు జాబితాలో పడాలి.

ఇక యాప్. 200 వస్తువులకి అక్కర్లేదు. బార్‌కోడ్ అతికించి స్కాన్ చేయమంటాయి, కానీ 5 మి.మీ. అలెన్ కీ మీద బార్‌కోడ్ ఎక్కడ అతికిస్తారు? పైగా గ్రీజు చేతులతో ఫోన్ తెరవడం ఎవరూ చేయరు. ప్రతి సొరుగు లోపలి ముందు గోడకి ఆ సొరుగు వరుసల కాగితం అతికించండి, పెన్సిల్ ముక్క ఒకటి దారంతో కట్టండి. వస్తువు విరిగినా, ఎవరికైనా ఇచ్చినా ఆ కాగితం మీద అప్పుడే గుర్తు పెట్టి, వస్తువుండే చోట ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసిన అట్టముక్క వదలండి. షీట్ మాత్రం నెలకోసారి, కాగితాల్లో మారినవి చూసి సరిచేయండి. షీట్ నకలు ఒకటి ఫోన్‌లోనూ, ఇంకోటి మెయిల్‌లోనూ ఉంచండి.