7.5 కిలోవాట్ల స్పర్ గేర్ డ్రైవ్‌కి మాడ్యూల్ 3 సరిపోతుందా? షాఫ్టులు, గేర్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే కీలు ఎలా తేల్చాలి?

మీ ప్రశ్నలో ఉన్న వివరాలు ఇవీ: 7.5 కిలోవాట్ల మోటార్, 1440 ఆర్‌పీఎం, అవుట్‌పుట్ 360 ఆర్‌పీఎం. పినియన్‌కి (చిన్న గేర్) 20 పళ్ళు, గేర్‌కి 80, పళ్ళ ఒత్తిడి కోణం 20 డిగ్రీలు, ఫుల్ డెప్త్. రెండూ ఈఎన్19 అల్లాయ్ స్టీల్, హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత గట్టితనం 280 బ్రినెల్. లూయిస్ సూత్రంతో (పన్ను వంగి విరగకుండా చూసే లెక్క) మాడ్యూల్ 3 (పంటి సైజు; పిచ్ వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేది), పంటి వెడల్పు 30 మి.మీ. వచ్చాయి. పినియన్‌ని నేరుగా 38 మి.మీ. మోటార్ షాఫ్ట్ మీద ఎక్కించి, అవుట్‌పుట్ షాఫ్ట్ 30 మి.మీ. పెడదామని ఆలోచన.

సరిపోదు. పన్ను విరగదు గానీ మరో మూడు చోట్ల దెబ్బ తింటుంది: పంటి ముఖం మీద గుంటలు పడతాయి, పినియన్ కీవే (కీ కూర్చునే గాడి) మూల నుంచి పగులుతుంది, అవుట్‌పుట్ కీ నలుగుతుంది. లూయిస్ సూత్రానికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా కనిపించదు.

ముందు లోడ్ చూద్దాం. పినియన్ టార్క్ 9550 × 7.5 ÷ 1440, అంటే 49.7 న్యూటన్ మీటర్లు. నష్టాలు వదిలేస్తే గేర్ వైపు 199. మాడ్యూల్ 3 అయితే పినియన్ పిచ్ వ్యాసం (పళ్ళు కలిసే ఊహా వృత్తం వ్యాసం) 60 మి.మీ., పంటి మీద స్పర్శరేఖ వెంట పడే బలం 1658 న్యూటన్లు. ఒక మోస్తరు కుదుపులు ఉండే యంత్రానికి సర్వీస్ ఫ్యాక్టర్ 1.5 తీసుకోండి. పిచ్ లైన్ వేగం సెకనుకి 4.52 మీటర్లు కాబట్టి హాబింగ్ చేసిన (హాబ్ కట్టర్‌తో కోసిన) పళ్ళకి, వేగం పెరిగే కొద్దీ తగ్గే వెలాసిటీ ఫ్యాక్టర్ 6 ÷ (6 + 4.52), అంటే 0.57. 1658ని 1.5తో గుణించి 0.57తో భాగిస్తే పన్ను మోయాల్సింది దాదాపు 4360 న్యూటన్లు.

ఇక పంటి బలం. 900 మెగాపాస్కల్ టెన్సైల్‌లో మూడో వంతు, 300, అనుమతించే ఒత్తిడి. 20 పళ్ళకి, పంటి ఆకారాన్ని బట్టి వచ్చే లూయిస్ ఫ్యాక్టర్ 0.32. లెక్క 3 × 30 × 300 × 0.32 = 8640 న్యూటన్లు, లోడ్‌కి దాదాపు రెట్టింపు. 80 పళ్ళ గేర్‌కి ఈ ఫ్యాక్టర్ 0.43 పైనే ఉంటుంది, రెండింటి మెటీరియల్ ఒకటే, కాబట్టి బలహీనమైనది పినియనే. దాన్ని ఒక్కదాన్నీ చూస్తే చాలు. మీ లెక్క ఇక్కడే ఆగింది, ఇక్కడి దాకా తప్పేమీ లేదు.

ఇప్పుడు అరుగుదల బలం చూడండి. వెడల్పు, పినియన్ పిచ్ వ్యాసం, నిష్పత్తి ఫ్యాక్టర్, లోడ్ స్ట్రెస్ ఫ్యాక్టర్, ఈ నాలుగింటి గుణకారం అది. నిష్పత్తి ఫ్యాక్టర్ 2 × 80 ÷ 100 = 1.6. స్టీల్ మీద స్టీల్, 20 డిగ్రీలు అయితే లోడ్ స్ట్రెస్ ఫ్యాక్టర్ 0.16 × (బ్రినెల్ ÷ 100)². 280 బ్రినెల్‌కి 1.254. మొత్తం 30 × 60 × 1.6 × 1.254 = 3610 న్యూటన్లు. లోడ్ 4360. అంటే సేఫ్టీ (బలం ÷ లోడ్) 0.83 మాత్రమే. ఈ జత మొదట బాగానే తిరుగుతుంది. తర్వాత పిచ్ లైన్‌కి కాస్త కింద, పంటి మొదలు వైపు, సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు వస్తాయి. అవి కలిసి పెద్దవై పంటి ఆకారం చెడి, మోత మొదలవుతుంది. పినియన్ పన్ను గేర్ పంటి కన్నా నాలుగు రెట్లు ఎక్కువ సార్లు లోడ్ మోస్తుంది కాబట్టి ముందు పాడయ్యేది అదే. అందుకే పినియన్‌ని గేర్ కన్నా 20 నుంచి 40 బ్రినెల్ ఎక్కువ గట్టిగా ఉంచడం మంచిది.

మాడ్యూల్ 4, వెడల్పు 40 పెట్టి చూడండి. పిచ్ వ్యాసాలు 80, 320. రెండు షాఫ్టుల మధ్య సెంటర్ దూరం 200 మి.మీ. స్పర్శరేఖా బలం 1243 న్యూటన్లకి దిగుతుంది. వేగం 6.03 అయి, మోయాల్సిన లోడ్ 3740 అవుతుంది. అరుగుదల బలం 40 × 80 × 1.6 × 1.254 = 6420, సేఫ్టీ 1.7. వంపు బలం 15,360, లోడ్‌కి నాలుగు రెట్లు. వంపులో ఇంత మిగులు చూసి మాడ్యూల్ తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకండి. 300 బ్రినెల్ లోపు గట్టితనం ఉన్న గేర్లలో సైజు నిర్ణయించేది ఎక్కువగా పంటి ముఖమే.

పళ్ళ ఖచ్చితత్వం గురించి కాస్త ఆగి చెప్పాలి. వెలాసిటీ ఫ్యాక్టర్ తొలి అంచనాకి మాత్రమే. పంటి తప్పుల వల్ల పెరిగే లోడ్‌ని లెక్కించే బకింగ్‌హామ్ సమీకరణంలో పినియన్, గేర్ పంటి తప్పులు కలిపి వేసి చూడండి. గ్రేడ్ (పళ్ళ ఖచ్చితత్వం తరగతి, అంకె తగ్గితే నాణ్యత ఎక్కువ) 8 అయితే ఈ జతకి ఆ తప్పు దాదాపు 50 మైక్రాన్లు; డైనమిక్ లోడ్ 10.9 కిలోన్యూటన్లు వస్తుంది. గ్రేడ్ 6లో తప్పు 25 మైక్రాన్లు, లోడ్ 6.7 కిలోన్యూటన్లు. మోటార్ నిజంగా పంపే బలం 1.24 కిలోన్యూటన్లే, మిగతాదంతా పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకోవడం వల్ల పుట్టేది. ఈ సమీకరణం ఎక్కువ చూపిస్తుంది, ఇప్పటి ప్రమాణాల పద్ధతుల్లో ఈ అంకె బాగా తక్కువ వస్తుంది. అయినా పళ్ళ నాణ్యత ఎంత ముఖ్యమో ఇంత స్పష్టంగా మరే లెక్కా చూపించదు. బకింగ్‌హామ్ లెక్క కూడా దాటి తీరాలంటే మాడ్యూల్ పెంచుకుంటూ పోవద్దు. గ్రేడ్ 6 అడగండి, పంటి ముఖాలని 50 రాక్‌వెల్ సీ గట్టితనం దాకా ఇండక్షన్ హార్డెనింగ్ చేయించండి. హార్డెనింగ్‌లో పళ్ళు కొద్దిగా వంకర పోతాయి, కాబట్టి గ్రేడ్ 6 నిలవాలంటే తర్వాత గ్రైండింగ్ తప్పదు.

పళ్ళ సంఖ్య విషయంలో ఒక చిన్న మార్పు. 20, 80 అయితే పినియన్‌లోని ఒక పన్ను ఎప్పటికీ గేర్‌లోని అవే నాలుగు పళ్ళని తాకుతుంది. ఒక పంటి లోపం వాటి మీదే అచ్చు పడుతుంది. 81 పళ్ళు పెడితే ప్రతి పన్నూ అన్నింటినీ తాకి అరుగుదల సమంగా పరుచుకుంటుంది. అవుట్‌పుట్ 355.6 ఆర్‌పీఎం, సెంటర్ దూరం 202 అవుతాయి. మీ యంత్రానికి ఆ తేడా పర్వాలేదంటే 81 పెట్టండి. కింది లెక్కలు 80తోనే చేస్తున్నాను.

ఇక పినియన్ బోర్, అంటే షాఫ్ట్ దూరే రంధ్రం. మాడ్యూల్ 3లో పంటి మొదలు వ్యాసం 60 − 7.5 = 52.5, సగం 26.25. మోటార్ షాఫ్ట్ 38కి సగం 19, హబ్‌లో (షాఫ్ట్ చుట్టూ ఉండే గేర్ నడిమి భాగం) కీవే లోతు 3.3. కీవే పైన మిగిలే లోహం 26.25 − 22.3, అంటే 3.95 మి.మీ. పంటి మొత్తం ఎత్తు 6.75. దానికి కనీసం 1.2 రెట్లు, 8.1 మి.మీ., ఉండాలి. 4 మి.మీ. గోడ మీద పన్ను నిలబెడితే పగులు కీవే మూలలో పుట్టి నేరుగా పంటి సందులోకి పాకుతుంది. మాడ్యూల్ 4లో అదే 38 బోర్‌కి 12.7 మి.మీ. మిగులుతుంది, కావాల్సింది 10.8. అయినా పినియన్‌ని మోటార్ షాఫ్ట్ చివర వేలాడదీయడం నాకు నచ్చదు. షాఫ్ట్ కొద్దిగా వంగినా లోడ్ పంటి ఒక అంచుకే చేరుతుంది. మోటార్‌ని కపులింగ్‌తో కలిపి, పినియన్‌ని రెండు బేరింగుల మధ్య తన సొంత షాఫ్ట్ మీద పెట్టండి.

షాఫ్ట్ లెక్క తేలికే. 1243 న్యూటన్లకి రేడియల్ బలం 453 కలిపితే ఫలితం 1323 న్యూటన్లు. బేరింగుల మధ్య 160 మి.మీ. ఉండి గేర్ నడుమ ఉంటే వంపు మొమెంట్ 52.9 న్యూటన్ మీటర్లు. వంపుకి 2, మెలికకి 1.5 షాక్ ఫ్యాక్టర్లు వేస్తే సమాన టార్క్ (వంపు, మెలిక కలిసిన ప్రభావం) అవుట్‌పుట్ షాఫ్ట్‌కి 317, పినియన్ షాఫ్ట్‌కి 130. సీ45 స్టీల్ యీల్డ్ 380 మెగాపాస్కల్. అందులో 30 శాతం తీసుకుని, కీవే కోసం మరో పాతిక శాతం తగ్గిస్తే షియర్ 85. వ్యాసాలు 26.7, 19.8 మి.మీ. వస్తాయి. అవుట్‌పుట్ వైపు చెయిన్ స్ప్రాకెట్ గానీ బెల్ట్ పుల్లీ గానీ ఉంటే ఆ లాగుడు కూడా మొమెంట్‌లో కలపాలి, అప్పుడు అంకెలు మారతాయి.

26.7 వచ్చింది కదా, 30 చాలుతుందని మీరు అనుకోవడం సహజం. కానీ అవుట్‌పుట్ షాఫ్ట్ వ్యాసాన్ని తేల్చాల్సింది కీ.

30 మి.మీ. షాఫ్ట్‌కి ప్రామాణిక కీ 8 × 7. సర్వీస్ ఫ్యాక్టర్‌తో టార్క్ 298.5, కీ మీద బలం 19,900 న్యూటన్లు. పాఠ్యపుస్తకం పద్ధతిలో కీ ఎత్తులో సగం, 3.5 మి.మీ., హబ్‌ని తాకుతుందని రాస్తాం. నిజంగా కీ 4 మి.మీ. షాఫ్ట్‌లోకి దిగుతుంది, హబ్‌ని తాకేది 3 మాత్రమే. పొడవులోనూ అంతే. రెండు చివర్లూ గుండ్రంగా ఉన్న 40 మి.మీ. కీలో సూటిగా ఉండే పక్క 40 − 8 = 32. కాబట్టి నొక్కుడు ఒత్తిడి 19,900 ÷ 96, అంటే 207 మెగాపాస్కల్. 100 దగ్గర ఉండాల్సిన చోట ఇది రెట్టింపు. మోటార్‌ని నేరుగా లైన్ మీద స్టార్ట్ చేస్తే ఆ క్షణం టార్క్ సర్వీస్ ఫ్యాక్టర్ లేని అసలు 199కి రెండున్నర రెట్లు పోవచ్చు. అప్పుడు 345 మెగాపాస్కల్, దాదాపు యీల్డ్. రోజూ కొన్ని స్టార్టులు పడితే కీ పక్కలు నలిగి సందు వస్తుంది. సందు వచ్చాక ప్రతి స్టార్ట్ ఒక సుత్తి దెబ్బే.

40 మి.మీ. షాఫ్ట్, 12 × 8 కీ తీసుకోండి. బలం 14,925. హబ్‌ని తాకే ఎత్తు 8 − 5 = 3. కీ పొడవు 63 అయితే సూటి భాగం 51. ఒత్తిడి 97.5 మెగాపాస్కల్. స్టార్ట్ వేళ 163. హబ్ పొడవు 70, బయటి వ్యాసం 75 పెట్టండి. పంటి వెడల్పు 40 కాబట్టి హబ్ రెండు వైపులా 15 బయటికి వస్తుంది. 30 షాఫ్ట్ మీదే కీ పొడవు పెంచితే సరిపోదా అంటే సరిపోదు: షాఫ్ట్ వ్యాసానికి సుమారు ఒకటిన్నర రెట్లు దాటాక టార్క్ వచ్చే వైపు భాగమే ఎక్కువ మోస్తుంది, మిగతా పొడవు పెద్దగా పని చేయదు. హబ్ కాస్ట్ ఐరన్ అయితే ఈ 97.5 కూడా ఎక్కువే, స్టీల్ హబ్ వాడండి.

పినియన్ వైపు ఇబ్బంది లేదు. 30 మి.మీ. షాఫ్ట్, 8 × 7 × 40 కీ, బలం 4974, ఒత్తిడి 52 మెగాపాస్కల్. పినియన్ వెడల్పు గేర్ కన్నా 5 ఎక్కువ, 45 పెట్టండి. అమర్చేటప్పుడు అటూ ఇటూ జరిగినా గేర్ పన్ను మొత్తం తాకుతుంది. బేరింగులు పినియన్ షాఫ్ట్‌కి 6205, అవుట్‌పుట్‌కి 6207. 6205 మీద సర్వీస్ ఫ్యాక్టర్‌తో 992 న్యూటన్లు పడితే 14 కిలోన్యూటన్ల డైనమిక్ రేటింగ్‌కి ఆయుష్షు 32,000 గంటల పైమాటే.

డ్రాయింగ్‌లో తప్పక రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. గేర్ బోర్ హెచ్7, షాఫ్ట్ కె6 (సైజులో అనుమతించే తేడాల కోడ్‌లు ఇవి). కీవే షాఫ్ట్‌లో ఎన్9, హబ్‌లో జేఎస్9. రివర్స్ తిరిగే డ్రైవ్ అయితే రెండూ పీ9. 12 × 8 కీకి కీవే అడుగు మూలల్లో 0.25 నుంచి 0.4 రేడియస్, ఇది రాయకపోతే పదునైన మూలతో వస్తుంది, పగులు అక్కడే మొదలవుతుంది. కీవే చివర షోల్డర్ (షాఫ్ట్ మెట్టు) మూలలోని గుండ్రటి వంపు, అంటే ఫిల్లెట్‌లోకి పోకుండా 3, 4 మి.మీ. ముందే ఆగాలి. ఫిల్లెట్ రేడియస్ హబ్ బోర్ చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు) కన్నా చిన్నదిగా ఉండాలి, లేకపోతే గేర్ షోల్డర్‌కి ఆనకుండా ఫిల్లెట్ మీద ఎక్కి కూర్చుంటుంది.

టేపర్ కీ (ఏటవాలు కీ), జిబ్ హెడ్ కీ (తల ఉన్న ఏటవాలు కీ) ఈ గేర్లకి వద్దు. కొట్టి బిగించినప్పుడు అది హబ్‌ని ఒక పక్కకి నెడుతుంది, గేర్ మధ్యరేఖ తప్పుతుంది. గ్రేడ్ 6 కోసం పెట్టిన శ్రమంతా అక్కడే పోతుంది. పారలల్ కీ వాడి, పక్కకి జరగకుండా షోల్డర్, స్పేసర్, లాక్‌నట్‌తో ఆపండి. కీ పైన 0.3 మి.మీ. ఖాళీ ఉండాలి. కీ పైభాగం హబ్‌ని తాకితే అదీ టేపర్ కీ లాగే నెడుతుంది.

సెంటర్ దూరం 200కి ప్లస్ మైనస్ 0.03 ఇవ్వండి. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య సందు) 0.12 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉండాలి. సెంటర్ దూరం 0.1 పెరిగితే బ్యాక్‌లాష్ 0.073 పెరుగుతుంది, కాబట్టి హౌసింగ్ బోరింగ్‌లో తప్పు ఎటు పోయినా ఇక్కడ కనిపిస్తుంది. సెకనుకి 6 మీటర్ల వేగానికి గ్రీజు నిలవదు, విసిరేస్తుంది. ఆయిల్ బాత్ పెట్టి, పెద్ద గేర్ రెండు మూడు పంటి ఎత్తుల లోతు మునిగేలా వీజీ 220 చిక్కదనం ఉన్న నూనె పోయండి. అంతకన్నా ఎక్కువ మునిగితే నూనె చిలికి వేడెక్కుతుంది.

అమర్చాక పినియన్ పళ్ళకి పలచగా ప్రష్యన్ బ్లూ (తాకిన చోటు చూపే నీలి రంగు) రాసి, గేర్‌ని చేత్తో కొద్దిగా ఆపుతూ తిప్పండి. మచ్చ పంటి వెడల్పులో కనీసం 60 శాతం, నడిమధ్యన పడాలి. ఒక అంచుకే పడితే షాఫ్టులు సమాంతరంగా లేవు; 40 మి.మీ. వెడల్పులో 0.02 తేడా ఉన్నా మచ్చ అంచుకి జరుగుతుంది. పంటి కొన దగ్గరే పడితే సెంటర్ దూరం ఎక్కువైంది. మచ్చ సరిగా పడేదాకా మోటార్ కపులింగ్ కలపకండి.