చెరువు కట్ట పని చేతికొచ్చిన మేనకోడలికి

చిట్టీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగ్ రెండుసార్లు చూశాను. ఉద్యోగంలో చేరగానే చెరువు కట్టను పార్కులా తీర్చిదిద్దే మినీ ట్యాంక్‌బండ్ పని నీ చేతికి రావడం సంతోషం. గీత శుభ్రంగా ఉంది. కానీ కట్ట మొదట్లో ఫైబర్‌తో కాకతీయ తోరణం, పక్కనే 'ఐ లవ్' అంటూ ఊరి పేరు, ఆ తర్వాత కట్ట పొడవునా పేవర్ బ్లాకులు, స్టీల్ రెయిలింగ్. ఊరి పేరు ఒక్కటి మారిస్తే ఏ మున్సిపాలిటీకైనా సరిపోతుంది కదే ఇది!

తోరణం మీద నాకు కోపమేమీ లేదు. వరంగల్ కోటలో అవి స్వయంభూ శివుడి గుడికి నాలుగు దిక్కులా నిలబడ్డ ద్వారాలు. అక్కడ వాటికో పని ఉంది. నీ చెరువు దగ్గర పాత కాలం పనితనం ఇంకోచోట కనిపిస్తోంది. దాని మీద నువ్వు 'తొలగించాలి' అని రాసి ఎర్ర గీత కొట్టావు. అదే తూము. నీళ్లలో నిలబడ్డ ఆ రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ అడ్డురాళ్లు దగ్గరికెళ్లి చూశావా? అడ్డురాళ్లకి ఒకదాని కింద ఒకటిగా గుండ్రటి కన్నాలుంటాయి. వాటిలోంచి కర్రను దించి అడుగున తూము కన్నాన్ని మూసేవాళ్లు. ఆయకట్టుకి నీళ్లు వదలాలంటే నీళ్ల పంపకం చూసే నీరటి వచ్చి దాన్ని పైకి లాగేవాడు. ఏళ్ల తరబడి కర్ర రాసుకుని కన్నం అంచు నున్నగా అరిగి ఉంటుంది, వేలు పెట్టి చూడు. ఫైబర్ తోరణానికి పెట్టే డబ్బులో పదో వంతుతో అక్కడిదాకా ఒక చిన్న దారి, కూర్చోవడానికి ఒక బండ వేయొచ్చు.

నేనేదో తప్పులు చేయనివాణ్ణని అనుకోకు. ఇరవై ఏళ్ల కిందట పిల్లలు పడతారేమోనన్న భయంతో ఒక చెరువు కట్ట మొత్తానికీ రెయిలింగ్ పెట్టించాను. బతుకమ్మ పండగ మొదలయ్యే ఎంగిలిపూల నాటి సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వచ్చి, రెయిలింగ్ దగ్గర ఆగిపోయి, చివరికి చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దాకా నడిచి ఆ పాచి పట్టిన బండల మీద దిగారు. ఒకావిడ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఫోన్, రెయిలింగ్ నాలుగు చోట్ల కోసేశారని. కేసు పెట్టమన్నారు పైవాళ్లు. వెళ్లి చూస్తే నాలుగు కోతలూ పాత రేవులున్న చోటే ఉన్నాయి: చాకలి రేవు, బర్రెలు దిగే చోటు, చేపల వాళ్లు వలలు ఆరేసే చోటు, బతుకమ్మ రేవు. నెల రోజులు సర్వే చేసి నాకు దొరకనివి! కేసు పెట్టలేదు. ఆ కోతల దగ్గరే మెట్లు కట్టించాను.

కాబట్టి ముందు ఊరి నక్షా తీయించు. సేత్వార్ అనే పాత సర్వే రిజిస్టరు, 1954-55 నాటి భూముల లెక్క ఖాస్రా పహాణీ కూడా చూడు. కుంటలు, వాగులు, బండ్ల బాటలు ఎక్కడెక్కడ ఉండేవో, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి ఎంతవరకో వాటిలో తేలుతుంది. కాగితం చూశాక కట్ట మీద నడువు. మే నెలలో ఒకసారి, చెరువు నిండాక ఒకసారి. ఎండాకాలంలో బయటపడే రాళ్లు వానాకాలంలో కనబడవు. రాతిమీద అక్షరాలు కనిపిస్తే కడగొద్దు, రంగు వేయనీయొద్దు, పురావస్తు శాఖకి కబురు పెట్టు. కట్ట మైసమ్మ గద్దెను 'అందంగా' మార్చే ఆలోచన ఉంటే మానుకో. బోనం దించడానికి, నలుగురు నిలబడటానికి చదునైన చోటు వదులు, చాలు.

బతుకమ్మ మెట్లకి కొలత చెబుతాను. ఎత్తు ఆరంగుళాలు మించొద్దు, వెడల్పు రెండడుగులకి తగ్గొద్దు. నెత్తి మీద బతుకమ్మ ఉన్న మనిషికి కాలు కింద మెట్టు కనబడదు. గ్రానైట్ పాలిష్ అసలే వద్దు, తడిస్తే జారుతుంది. చెరువు నిండినప్పుడూ, ఆరడుగులు దిగినప్పుడూ నీళ్లు అందేలా మెట్లు లోపలిదాకా వెళ్లాలి. నిండు మట్టం దగ్గర ఆపేస్తే ఫొటోకి బాగుంటాయి, అంతే.

మత్తడి విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు. మనవి గొలుసుకట్టు చెరువులు. నీ చెరువు పొర్లిన నీళ్లు కింది చెరువుకి పోవాలి. ఆ కాలవ మీద ఫుడ్ కోర్టు పెడదామని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూశావుగా. చెరువుల కట్టలు తెగి నీళ్లు పాతబస్తీ ఇళ్ల మీద పడ్డాయి.

చెట్ల సంగతి. కట్ట మీద మర్రి, రావి నాటకు, వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి. అవి కింద చదునులో పెట్టు. బయటి వైపున్న తాటిచెట్లు, ఈత చెట్లు కల్లు గీసే గౌడన్నలవి, కొట్టేయకు. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క జోలికి పోకు. గట్టు వాలుకి తంగేడు, గునుగు రానిస్తే పండక్కి పూలు అక్కడే దొరుకుతాయి, పార్కుకి వేరే గార్డెనింగ్ టెండరు అక్కర్లేదు.

హైదరాబాద్ వచ్చినప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్తాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు కింద కాసేపు కూర్చుంటే తోరణాల మీద మోజు కాస్త తగ్గుతుందని నా ఆశ.

ఉగాదికి వస్తున్నాను. అప్పటికి నక్షా జిరాక్స్ తీసి ఉంచు. కాంట్రాక్టరుకి మాత్రం ఇవాళే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా తూము రాళ్ల దగ్గరికి జేసీబీ తేవొద్దని చెప్పు.

మీ మామయ్య