ముందు ఆ మచ్చల క్రీమ్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 32. బుగ్గల మీద మంగు మచ్చలు ఉన్నాయి. తెలిసినవాళ్లు చెబితే మందుల షాపులో ఒక క్రీమ్ కొని ఐదు నెలలుగా రాత్రిపూట రాస్తున్నాను. మొదట్లో మచ్చలు బాగా తగ్గాయి. ఈమధ్య ఎండలోకి వెళ్తే ముఖం ఎర్రబడి మండుతోంది. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 సరిపోతుందా, 50 వాడాలా? జెల్ మంచిదా, క్రీమా? రోజంతా ఆఫీసులోనే ఉంటాను, అయినా రాయాలా?

జవాబు: మీరు సన్‌స్క్రీన్ గురించి అడిగారు కానీ, నాకు కంగారు పుట్టించింది ఆ రాత్రి క్రీమ్. దాని పేరు రాయలేదు. ట్యూబు మీద హైడ్రోక్వినోన్ (మచ్చల నలుపు తగ్గించే మందు), ట్రెటినాయిన్‌ (విటమిన్ ఎ రకం మందు)తో పాటు మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథాసోన్ లాంటి పేరు ఏదైనా ఉందేమో చూడండి. చివరి మూడూ స్టెరాయిడ్లు. ఇలాంటి మిశ్రమాన్ని మేం డాక్టర్లమూ చీటీలో రాసిస్తాం, కానీ కొన్ని వారాలకే, మధ్యలో చర్మాన్ని చూస్తూ. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, ఎండ తగిలితే మంట పుడుతుంది. హైడ్రోక్వినోన్ మరీ ఎక్కువ కాలం వాడితే చర్మం ఇంకా నల్లబడే ప్రమాదమూ ఉంది.

మొదట్లో మచ్చలు తగ్గాయి కదా అని ధైర్యంగా వాడుతూ పోవడం, మంట మొదలైనా డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడం, ఈ రెండూ మీరు చేయకూడని పనులమ్మా. ఎవరికో పనిచేసిన మందు మీ ముఖానికి సరిపడాలని లేదు.

చూడకుండా ఇదే కారణమని నేను చెప్పలేను. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రల వల్ల, అలర్జీ వల్ల, అరుదుగా లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ మన శరీరం మీదే దాడి చేసే జబ్బు) వల్ల కూడా ఎండకు ముఖం ఎర్రబడుతుంది. స్టెరాయిడ్ అయితే ఒక్కసారిగా ఆపినప్పుడు ఎరుపు, మంట ఎక్కువ కావచ్చు. అది చూసి భయపడి చాలామంది మళ్లీ అదే ట్యూబు అందుకుంటారు. కాబట్టి ఈ వారంలోనే చర్మ వైద్యులను కలవండి, ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఎలా ఆపాలో వాళ్లు చెబుతారు. గర్భం వచ్చినా, ఆ ఆలోచన ఉన్నా ముందే చెప్పాలి, ట్రెటినాయిన్ అప్పుడు పనికిరాదు. ముఖం వాచినా, పొక్కులు లేచినా, జ్వరం, కీళ్ల నొప్పులు తోడైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

ఇక సన్‌స్క్రీన్. సరిపడా రాస్తే ఎస్‌పీఎఫ్ 30 ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం ఆపుతాయి. తేడా అంతే. అసలు సమస్య ఏమిటంటే చాలామంది రాయాల్సిన దాంట్లో సగం కూడా రాయరు. ముఖానికీ మెడకూ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలంత తీసుకోండి. చర్మం లోతుకు వెళ్లే యూవీఏ కిరణాల నుంచి కూడా కాపాడాలి కాబట్టి ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని రాసి ఉందో లేదో చూసుకోండి. మంగుకు మామూలు వెలుతురు కూడా కారణమే. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ (చర్మం రంగు కలిపిన) రకం మీకు మేలు.

జిడ్డు చర్మానికి జెల్ హాయిగా ఉంటుంది. కానీ ఆల్కహాల్ ఉన్న జెల్ ఇప్పుడు మీకు మంట పెంచుతుంది. సువాసన లేని, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమ్ మీద మొగ్గు చూపుతాను. దాన్ని కూడా ముందు దవడ కింద కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. గాజు కిటికీ యూవీఏను పూర్తిగా ఆపదు, కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే ఆఫీసులోనూ రాయాల్సిందే. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, గొడుగు కూడా పట్టుకోండి.

ఆ క్రీమ్ గురించి చెప్పినవాళ్లు ఇంకా అదే వాడుతుంటే, వాళ్లను కూడా ఒకసారి డాక్టర్‌కు చూపించుకోమని చెప్పండి.