బొమ్మ చివరిదాకా చూడు

మల్లేశ్వరం, బెంగళూరు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. వైట్‌ఫీల్డ్ ఉద్యోగం మానేసి రీసెర్చ్‌లో చేరుతున్నావట. సిటీ బస్సుల్లో తిరుగుతూ మొబైల్ నెట్‌వర్క్ ఎక్కడ తడబడుతుందో కొలుస్తావట. "నీ మాటయితే వింటుంది, వద్దని చెప్పక్కా" అంది. నేను చెప్పను. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ దారి పట్టింది నువ్వే కదా అని సంతోషం, నేను పడ్డ గోతిలోనే పడతావేమోనని భయం. ఇవన్నీ ఫోన్లో చెప్పబోతే నాకు గొంతు పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రతి ప్రయోగానికీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. డేటా రెండు చోట్ల దాచు. ఇంటర్నెట్‌లో రద్దీ మీద వాన్ జాకబ్సన్ రాసిన 1988 పేపర్ చదివేశానంటావు, మళ్లీ చదువు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు పోయేది కాస్తా 40 బిట్లకు పడిపోయింది. ఆ రెంటి మధ్య దూరం 400 గజాలు! దాన్ని చక్కదిద్దిన పద్ధతి, ప్యాకెట్, అంటే పంపిన డేటా ముక్క, తప్పిపోయిందంటే దారిలో రద్దీ ఉన్నట్టే అనుకుంటుంది. వైర్ల మీద అది సరిగ్గానే ఉంది. గాలిలో సిగ్నల్ చెడి ప్యాకెట్ పోయినా, ఆ పద్ధతితో ప్యాకెట్లు పంపే టీసీపీ అనే ఇంటర్నెట్ నియమావళి రద్దీ అనుకుని అనవసరంగా వేగం తగ్గించుకునేది. ఒకచోట నిజమైన ఊహ ఇంకోచోట అబద్ధమవుతుంది తల్లీ.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

2002లో నేను టవర్లు లేకుండా ఫోన్లే ఒకదాని నుంచి ఒకటి ప్యాకెట్లు అందుకునే నెట్‌వర్కుల మీద పనిచేసేదాన్ని. వాటిలో ప్యాకెట్లకి దారి వెతికే పద్ధతి ఒకటి తయారుచేశాను. నెట్‌వర్క్‌ని కంప్యూటర్లోనే నడిపి చూసే ఎన్‌ఎస్-2 సిమ్యులేటర్లో 1500 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు ఉన్న స్థలం, 50 నోడ్లు (ఒక్కో నోడ్ ఒక్కో ఫోన్ అన్నమాట), 900 సెకన్లు. అప్పట్లో చాలామంది వాడిన లెక్కలే. ప్రతి నోడూ ఏదో ఒక చోటు ఎంచుకుని, సున్నాకీ సెకనుకు 20 మీటర్లకీ మధ్య ఏదో ఒక వేగంతో అక్కడికి పోతుంది. చేరగానే మళ్లీ కొత్త చోటు, కొత్త వేగం. సగటు వేగం 10 అని ధీమాగా రాసేశాను. సమయం గడిచేకొద్దీ దారులు తెగడం తగ్గుతూ వచ్చింది. నా పద్ధతి నడుస్తూ నడుస్తూ నేర్చుకుంటోందని మురిసిపోయాను. ఆ రాత్రి ఎస్‌టీడీ బూత్ నుంచి నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా "శభాష్" అన్నారు. పేపర్ అచ్చయింది.

2003లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు నోడ్లు ఇలా కదిలే ఈ మోడల్‌లో ఉన్న లోపం బయటపెట్టారు. సెకనుకు పది సెంటీమీటర్ల వేగం తగిలిన నోడ్ కిలోమీటరు పోవాలంటే 10,000 సెకన్లు కావాలి. నా ప్రయోగం మొత్తం 900 సెకన్లే. అంటే నెమ్మది వేగం తగిలినవి ఆ నడకలోనే ఇరుక్కుపోతాయి. వేగంగా పోయినవి గమ్యం చేరి మళ్లీ పాచిక వేస్తాయి, వాటిలోనూ కొన్ని ఇరుక్కుంటాయి. సగటు వేగం దిగజారుతూనే ఉంటుంది. నా పద్ధతి ఏమీ నేర్చుకోలేదు. నోడ్లు కదలడం తగ్గించాయి, అంతే.

అది చదివిన రాత్రి యానిమేషన్ పెట్టుకుని 900 సెకన్లూ చూశాను. మొదట్లో చుక్కలన్నీ సంతలో జనంలా అటూ ఇటూ పరుగులు. చివరికొచ్చేసరికి చాలా చుక్కలు కదులుతున్నాయో లేదో తెలియాలంటే స్క్రీన్ మీద వేలు ఆనించి చూడాల్సి వచ్చింది. ల్యాబ్‌లో మెషిన్ నెమ్మదిగా నడిచేదని, అంతకుముందు ప్రతిసారీ కాసేపు చూసి విండో మూసేసేదాన్ని. ఒక్కసారి చివరిదాకా చూసి ఉంటే!

మా గైడ్‌కి చెబితే "అందరూ వాడిన మోడలే కదా, వదిలెయ్" అన్నారు. వదిలేశాను. మొదటిది తెలియక చేసిన తప్పు, ఇది తెలిసి చేసింది. ఏడాది తర్వాత వేరే ఊరి విద్యార్థి ఒకడు మెయిల్ రాశాడు. నా ఫలితాలు నమ్మి ఆరు నెలలుగా దాని మీదే పనిచేస్తున్నాడట, తన లెక్కలు నాతో ఎందుకు కలవడం లేదని ఎంతో మర్యాదగా అడిగాడు. అతనికి నిజం రాస్తుంటే చేతులు వణికాయి. ఆ తర్వాతే సవరణ పంపాను. నాన్నకి మాత్రం చెప్పలేకపోయాను. ఆయన పోయాక పెట్టె తెరిస్తే, ఇంటి దస్తావేజులతో పాటు నా పేపర్ మడత పెట్టి ఉంది.

నువ్వు నిజం బస్సులెక్కుతానంటే నాకు ధైర్యంగా ఉన్నది ఇందుకే. సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయినప్పుడు వచ్చే డేటాని "కదలిక లేదు" అని తీసి పారెయ్యకు. నీ ఫోన్ కదలకపోవచ్చు, కానీ చుట్టూ ఆగిపోయిన బండ్లలో ఉన్న ఫోన్లన్నీ అదే గాలిని పంచుకుంటున్నాయి. అక్కడే నీకు దొరికేది ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద కోపంగా ఉంది. నువ్వుండే పీజీ హాస్టల్లో స్నేహితుల ఫోన్లలో యాప్ వేసి వాళ్ల లొకేషన్ తీసుకుంటానన్నావట. పేర్లు తీసేస్తే సరిపోతుందా? 15 లక్షల మంది మొబైల్ డేటా మీద 2013లో వచ్చిన పరిశోధన ప్రకారం, మనిషి ఎక్కడ, ఏ గంటలో ఉన్నాడో నాలుగు సార్లు తెలిస్తే చాలు, నూటికి 95 మంది విడిగా తేలిపోతారు. ఆ పిల్లల్లో ఎవరు ఏ రాత్రి ఎక్కడికి వెళ్లారో నీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. అది ఎవరి చేతిలోనైనా పడితే? ముందు కాలేజీ నైతిక కమిటీ అనుమతి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ అంతా చెప్పి సంతకం. స్నేహితులే కదా అనకు. స్నేహితులు కాబట్టే వద్దనలేరు.

ఫుట్‌బోర్డ్ మీద నిలబడి రీడింగులు తీయకు. చీకటి పడ్డాక ఒక్కదానివే వెళ్లకు, నన్ను పిలువు, పక్క సీట్లో కూర్చుంటాను. నాకు వేరే పనేముంది?

మొదటి రోజు డేటా చేతికి రాగానే ఇక్కడికి పట్టుకురా. గ్రాఫ్ అప్పుడే గీయకు. ఇద్దరం కూర్చుని మొదటి సెకను నుంచి చివరిదాకా చూద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ
పెద్దమ్మ