12 ఎకరాల వెంచర్, 3 కిలోమీటర్ల రోడ్డు: కట్టింగ్, ఫిల్లింగ్ లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మీ పని రెండు రకాలు: 12 ఎకరాల వెంచర్ చదును చేయడం, దానికి వెళ్లే 3 కిలోమీటర్ల రోడ్డు వేయడం. టోటల్ స్టేషన్ (సర్వే పరికరం)తో తీసిన పాయింట్లు ఉన్నాయి, కట్టింగ్ (తవ్వకం), ఫిల్లింగ్ (నింపడం) లెక్కకు సివిల్ 3డి అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనాలా, ఎక్సెల్ చాలా అని అడిగారు. ధరల సంగతి తర్వాత. ముందు బిల్లు ఏ పద్ధతిలో కొలుస్తారో అగ్రిమెంట్‌లో చూడండి. సగం ఎంపిక అక్కడే తేలిపోతుంది.

రోడ్డుకు కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లు వర్తిస్తే కొలత క్రాస్ సెక్షన్ల (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మల) మీదే. పనికి ముందూ, పని అయ్యాకా సెక్షన్లు తీసి, పక్కపక్క సెక్షన్ల వైశాల్యాల సగటును వాటి మధ్య దూరంతో గుణిస్తారు. ఎం-బుక్‌లో (బిల్లుకు కొలతలు రాసే పుస్తకంలో) ఎక్కేది ఆ అంకె. కాబట్టి ప్రతి చైనేజ్‌లో (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరంలో) కట్టింగ్, ఫిల్లింగ్ వైశాల్యాలను విడివిడిగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ చాలు. ఈసర్వే క్యాడ్ లాంటివి ఈ పనికి బాగా పనికొస్తాయి. వైశాల్యాలు డ్రాయింగ్ నుంచి వచ్చాక మిగతా గుణకారం ఎక్సెల్‌లో చేసుకోవచ్చు. ఒకే సెక్షన్‌లో ఒక పక్క కట్టింగ్, ఇంకో పక్క ఫిల్లింగ్ ఉంటే మాత్రం ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకండి. రెండూ వేర్వేరు ఐటమ్‌లు.

వెంచర్‌కు సెక్షన్లు నప్పవు. అక్కడ పాత నేల ఒక సర్ఫేస్, డిజైన్ లెవెల్స్ ఇంకో సర్ఫేస్, రెండింటి మధ్య తేడా కావాలి. సివిల్ 3డిలో టిన్ (పాయింట్లను త్రిభుజాలుగా కలిపి చేసిన నేల నమూనా) వాల్యూమ్ సర్ఫేస్ అంటే ఇదే. బేస్‌గా పాత నేలను, కంపారిజన్‌గా డిజైన్‌ను ఇవ్వాలి. తిరగేస్తే కట్టింగ్, ఫిల్లింగ్ తారుమారవుతాయి. ఉన్నది ఈ ఒక్క వెంచరే అయితే ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ చాలు. టిన్ ఇంటర్‌పొలేషన్‌తో రెండు రాస్టర్లు (ప్రతి చిన్న గడికీ ఒక లెవెల్ ఉండే పటాలు) తయారు చేసి, పాత నేలలోంచి డిజైన్‌ను తీసేయండి. రాస్టర్ సర్ఫేస్ వాల్యూమ్ టూల్‌లో బేస్ లెవెల్ సున్నా ఇస్తే, పైనున్నది కట్టింగ్, కిందున్నది ఫిల్లింగ్. సెల్ సైజు, అంటే గడి కొలత, అర మీటరు పెట్టండి.

ఏది తీసుకున్నా ముందు చేత్తో లెక్క తేలే గుంటతో పరీక్షించండి. అడుగు 20×20 మీటర్లు, లోతు 3 మీటర్లు, వాలు 1:1, అంటే పైన 26×26. సరైన ఘనపరిమాణం 1596 క్యూబిక్ మీటర్లు. అడుగు, పై వైశాల్యాల సగటును లోతుతో గుణిస్తే 1614 వస్తుంది, ఆ తేడా పద్ధతిది. టిన్ మాత్రం 1596 చూపాలి. 5 మీటర్ల గ్రిడ్‌తో ఎంత వస్తుందో కూడా చూడండి, అంచులు ఎలా కొట్టుకుపోతాయో తెలుస్తుంది.

అయితే లెక్క చెడేది ఎక్కువగా సర్వేలోనే. పొలం గట్టు మీద పాయింట్లు ఉండి బ్రేక్‌లైన్ (త్రిభుజాలు దాటకూడని గీత) ఇవ్వకపోతే త్రిభుజాలు గట్టును అడ్డంగా కోసేస్తాయి. సరిహద్దు గీయకపోతే బయట పొడవాటి త్రిభుజాలు పుట్టి, లేని మట్టిని లెక్కలో కలుపుతాయి. లెవెల్ సున్నాగా పడిన ఒక్క పాయింటు చుట్టుపక్కలంతా గొయ్యి చేస్తుంది, అందుకే కాంటూర్లు గీసి చూడకుండా వాల్యూమ్ తీయొద్దు. డ్రోన్ సర్వేలో సర్కారు తుమ్మ పొదల నెత్తి నేలగా వస్తుంది. 12 ఎకరాల్లో లెవెల్ అంతటా 5 సెంటీమీటర్లు తప్పితే సుమారు 2,430 క్యూబిక్ మీటర్లు తేడా. పైమట్టి 15 సెంటీమీటర్లు తీసేస్తే మాత్రం 7,280 దాటుతుంది, కాబట్టి పైమట్టి తీశాక మళ్లీ లెవెల్స్ తీసుకోండి.

చివరిగా, సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఘనపరిమాణం లెక్క, మట్టి బరువు దానికి తెలియదు. ఫిల్లింగ్‌కు మట్టి తవ్వి తెచ్చే గుంటలో మట్టి పొడి సాంద్రత క్యూబిక్ మీటరుకు 1.65 టన్నులు, ల్యాబ్ గరిష్ఠం 1.90, కంపాక్షన్ 95 శాతం అడిగితే నింపినచోట 1.805 కావాలి. 1.805ను 1.65తో భాగిస్తే 1.094. అంటే 1000 క్యూబిక్ మీటర్ల ఫిల్లింగ్‌కు గుంటలోంచి 1094 తవ్వాలి. సివిల్ 3డిలో ఫిల్ ఫ్యాక్టర్ అని ఇచ్చేది ఈ అంకెనే. టిప్పర్ల ట్రిప్పులు లెక్కించేది వదులు మట్టిని, దానికి ఉబ్బు (తవ్వాక మట్టి వదులై పెరిగే పరిమాణం) వేరుగా కలపాలి. ఈ సాంద్రతలు పుస్తకంలోంచి కాకుండా మీ గుంట మట్టికి ల్యాబ్‌లో చేయించినవే తీసుకోండి.