బుల్లి దేశాల ఓటుకు అంత గిరాకీ ఎందుకు?

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్న మా అబ్బాయి, పసిఫిక్ మహాసముద్రంలోని నౌరూ అనే ద్వీప దేశం 2024 జనవరిలో తైవాన్‌ను వదిలి చైనా పక్షాన చేరిందనీ, దాని జనాభా పన్నెండు వేలకు అటూ ఇటూగా ఉంటుందనీ చెప్పాడు. అంత చిన్న దేశం కోసం పెద్ద దేశాలు పోటీ పడడం ఏమిటి? వార్డు ఎన్నికల్లో డబ్బు తీసుకుని ఓటు వేస్తే నేరమైనప్పుడు, అక్కడ ఎందుకు కాదు?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: వార్డుతో మీరు తెచ్చిన పోలిక బాగా కుదిరింది. మన మహా విశాఖ నగరపాలక సంస్థలోని 98 వార్డులలో సగటున ఒక్కో వార్డు జనాభా నౌరూ జనాభాను మించే ఉంటుంది. ఆ దేశ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. ద్వీపాన్ని చుట్టి వచ్చే రోడ్డు మొత్తం కలిపినా ఆర్కే బీచ్ నుంచి భీమిలికి వెళ్లేంత దూరం ఉండదు. అయినా ఐక్యరాజ్యసమితి నియమావళిలోని 18వ అధికరణం ప్రకారం సర్వసభ్య సమావేశంలో ప్రతి సభ్య దేశానికీ ఒకే ఓటు కాబట్టి, నూట నలభై కోట్ల జనాభా గల మనకూ నౌరూకూ అక్కడ సమాన విలువే ఉంది.

నౌరూ కథ తెలిస్తే ఆ దేశంపై కోపం రాదు. మన ఓడరేవులో ఎరువుల కోసం దిగే రాక్ ఫాస్ఫేట్ వంటి ఖనిజమే ఒకప్పుడు ఆ ద్వీపానికి సిరి. 1968లో స్వాతంత్ర్యం వచ్చేలోపే పరాయి పాలకులు పెద్ద మొత్తంలో తవ్వుకుపోయారు, మిగిలింది ఆ తరువాత కరిగిపోయింది. ద్వీపం నడిమి భాగంలో ఇప్పుడు మొనదేలిన సున్నపురాతి స్తంభాలే తప్ప విత్తనం నాటడానికి మన్ను లేదు. అమ్ముకోవడానికి ఏమీ మిగలని దేశానికి చివరకు, చైనా, తైవాన్‌లలో ఏదో ఒకదాన్నే గుర్తించే తన అధికారమే సరుకైంది. 1980లో తైవాన్‌ను గుర్తించి, 2002లో చైనా వైపు, 2005లో తిరిగి తైవాన్ వైపు, 2024లో మళ్లీ చైనా వైపు మొగ్గింది. 1971లో సమితిలో స్థానం కోల్పోయిన తైవాన్‌కు, అంతర్జాతీయ వేదికలపై తన పేరెత్తి మాట్లాడే ప్రతి దేశమూ ప్రాణసమానమే.

ఇక ఈ మద్దతు కూడగట్టడం ఎలా సాగుతుందో చూడండి. భద్రతా మండలి తాత్కాలిక సభ్యత్వానికి రహస్య బ్యాలెట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అందుకని పోటీలో ఉన్న దేశాలు ఏళ్ల ముందే రాయబారులను రాజధానులకు పంపి, ‘ఈ మండలిలో మాకు వేయండి, ఆ కమిటీలో మీకు వేస్తాం’ అని మాట తీసుకుంటాయి. మన దేశం కూడా ఈ పని చేస్తుంది, చేయక తప్పదు కూడా. 1996లో జపాన్‌కు 142 ఓట్లు రాగా మనకు 40 మాత్రమే వచ్చాయి. 2010లో అదే స్థానానికి 187, 2020లో 184 ఓట్లు సంపాదించాం. పసిఫిక్ ద్వీప దేశాలతో 2014లో ఫిజీలో మనం మొదలుపెట్టిన సహకార వేదికను ఈ లెక్కల నుంచి వేరు చేసి చూడలేం.

మీ రెండో ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాలంటే, దేశాలను బోనులో నిలబెట్టే ఎన్నికల చట్టం ఏదీ లేదు. సహాయం ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి బాహాటంగానే వెళ్తుంది, దాని వెనుక ఉన్న షరతును మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టరు. పైగా రహస్య బ్యాలెట్‌లో మాట ఇచ్చిన దేశం నిజంగా వేసిందో లేదో తెలియదు కనుక డబ్బుకు పూచీ ఉండదు. ఓటు బహిరంగంగా వేసే చోటే అసలు ఒత్తిడి పనిచేస్తుంది.

అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్ అలాంటి చోటు. వాణిజ్య వేటపై 1982లో తెచ్చిన నిషేధాన్ని ఎత్తివేయాలంటే నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. మత్స్య రంగానికి సహాయం చేస్తూ కరీబియన్ దేశాల ఓట్లను జపాన్ రాబట్టుకుంటోందని ఏళ్ల తరబడి ఆరోపణలు వచ్చాయి. 2006లో కరీబియన్ దీవి సెయింట్ కిట్స్‌లో జరిగిన సమావేశంలో వేటకు అనుకూలమైన ప్రకటన 33–32 ఓట్లతో నెగ్గింది. నిషేధం తొలగలేదు గానీ, ఒక్క ఓటుకు ఎంత బరువుంటుందో ఆ రోజు లోకానికి తెలిసింది.

అంతకు ఆరేళ్ల ముందే, 2000లో, కరీబియన్ ద్వీప దేశమైన డొమినికా పర్యావరణ మంత్రి ఆథర్టన్ మార్టిన్, దక్షిణ పసిఫిక్‌లో తిమింగలాల అభయారణ్యం ప్రతిపాదనకు వ్యతిరేకంగా తన దేశం జపాన్‌తో కలిసి ఓటు వేసినందుకు పదవికి రాజీనామా చేశారు. మన పత్రికల్లో ఆయన పేరు ఎక్కువగా కనిపించదు. అది నాకు బాధ కలిగించే విషయం. బీద దేశపు మంత్రి కుర్చీ వదులుకున్నది తన దేశపు మాట తన దేశానిదిగానే ఉండాలని. 2008లో డొమినికా కమిషన్ ఓటింగ్‌లో తటస్థంగా ఉంటామని ప్రకటించింది. ఒక దేశం రుసుమును మరొకరు కట్టకుండా, సభ్యత్వ రుసుము ప్రభుత్వ ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే చెల్లించాలన్న నియమాన్ని కమిషన్ 2011లో తెచ్చింది. 2019లో జపాన్ ఆ కమిషన్ నుంచే తప్పుకుంది.

ప్రశ్న: ఇంత గొడవ ఉన్నప్పుడు, జనాభాను బట్టి ఓట్లు పెడితే సరిపోదా?
– పదవీ విరమణ పొందిన ఓడరేవు ఉద్యోగి, జ్ఞానాపురం, విశాఖపట్నం

జవాబు: అలా పెడితే మనకే ఎక్కువ లాభమన్నది నిజమే. కానీ నేను దాన్ని సమర్థించలేను. 2019లో పసిఫిక్ ద్వీప దేశమైన వనువాటులోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 27 మంది న్యాయ విద్యార్థులు ఒక ఆలోచన చేశారు. వాతావరణ మార్పు విషయంలో దేశాల చట్టబద్ధ బాధ్యతలేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలన్నది ఆ ఆలోచన. వనువాటు ప్రభుత్వం దాన్ని భుజానికెత్తుకుని, దేశం దేశం తిరిగి మద్దతు కూడగట్టింది. 2023 మార్చి 29న సర్వసభ్య సమావేశం ఆ తీర్మానాన్ని ఓటింగ్ లేకుండానే ఆమోదించింది. 2025 జులై 23న న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధ బాధ్యతేనని అభిప్రాయం చెప్పింది. అలలు తీరాన్ని కోసుకుపోవడం బీచ్ రోడ్డులో కళ్లారా చూస్తున్న మనకు కూడా రేపు ఆ అభిప్రాయం అక్కరకు రావచ్చు. జనాభా లెక్కన ఓట్లు ఉండి ఉంటే, మూడు లక్షల చిల్లర జనాభా గల ఆ దేశం చెప్పేది వినడానికి ఆ సభలో ఎవరు కూర్చునేవారు?